నిద్రపోని చెట్లు

చదివేవారు ముందుగా నన్ను మన్నించాలి. ఒత్తులూ దీర్ఘాలూ నాకు ఇప్పటికీ సరిగా కుదరవు. ఒక పేజీ రాయడానికి రెండు రోజులు పడుతుంది. యాభై నిండాక, ఊళ్ళో రాత్రి బడి పెట్టినప్పుడు పలక పట్టుకున్నదాన్ని. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

ఇది మా ఆయన గురించి, ఆయన పెంచిన నలభై ఎనిమిది చెట్ల గురించి. ఆయన పేరు ఎర్రన్న. మొగుడి పేరు రాయకూడదని మా అమ్మ చెప్పేది. రాస్తే తప్పు లేదని బడిలో చెప్పారు కాబట్టి రాస్తున్నాను.

మా ఊరు బొబ్బిలికి కోసు దూరం. ఊరి చివర పాత దివాణం వాళ్ళ తోట ఒకటి ఉండేది. ఆ తోటలో ఒక అద్దాల ఇల్లు. పూర్వం క్రోటన్లు పెంచడానికి కట్టించారట. నేను కాపురానికి వచ్చేసరికి సగం అద్దాలు పగిలిపోయి, లోపల మేకలు పడుకునేవి. వేంకటాచలం గారని, వ్యవసాయ శాఖలో పనిచేసి పింఛను పుచ్చుకున్నాయన, ఆ తోట కౌలుకు తీసుకున్నారు. ఊరందరికీ ఆయన పంతులు గారు. మేకల్ని తోలించి, అద్దాలు వేయించి, అరవై ఆరో సంవత్సరం చలికాలంలో ఉత్తరాది నుంచి రైల్లో మొక్కలు తెప్పించారు. తడి గోనెల్లో చుట్టి వచ్చాయి. ఒక్క ఆకు లేదు. వేళ్ళున్న పుల్లల్లా ఉన్నాయి.

వాటిని పీచ్ మొక్కలన్నారు. అందులో పన్నెండు నెక్టరిన్ అనే రకం. అదీ ఆ జాతే, కాకపోతే పండు మీద నూగు ఉండదు, రేగుపండులా నున్నగా ఉంటుంది. ఊళ్ళో వాళ్ళకి ఈ పేర్లు భలే దొరికాయి.

"పీచు పండేటిరా ఎర్రన్నా?" అన్నాడు మా బావ ఎల్లాజీ, అంటే మా ఆయన అన్న. "పీచు తినడానికి రైల్లోంచి దిగాలేటి? తాటిపండు నేదేటి మనకి?"

మా ఆయన అప్పటిదాకా అన్న దగ్గర నాగలి పట్టుకునేవాడు. ఆస్తి ఇద్దరిదీ అయినా, పెత్తనం బావది. ఏ మడికి ఎప్పుడు నీరు కట్టాలో, ఏ గట్టు ఎవరు చెక్కాలో బావే చెప్పాలి. మా ఆయన చేతి పని చూసి పంతులు గారు పిలిచారు. ఒప్పుకుని, పొలం అన్నకి వదిలేసి అద్దాల ఇంటికి వెళ్ళిపోయాడు. వెళ్ళేనాడు బావ గుమ్మంలో నిలబడి, "ఎల్లు ఎల్లు, మల్లీ నా నాగలికే వస్తావు" అన్నాడు. ఆ మాట మా ఆయనకి మింగుడుపడలేదు.

ఆ మొక్కలు నాటిన తీరు చూసి అందరూ నవ్వారు. మామిడి మొక్కకీ మొక్కకీ మధ్య ఎడ్లబండి తిరగాలంటారు మా వైపు. ఇక్కడ నాలుగు వరసలు, వరసకి పన్నెండు. మొక్కకీ మొక్కకీ మూరన్నర ఎడం.

"ఇది తోటా, నారుమడా?" అని నేనూ అడిగాను.

"నీకేటి తెలుసే" అన్నాడు మా ఆయన, అప్పుడే తనకి చాలా తెలిసినట్టు. "దగ్గర దగ్గర పాతితే ఏల్లు ఒకదాన్నొకటి అదుపు సేసుకుంటాయి. సెట్టు నీ ఎత్తు దాటదు. బలమంతా కాయలోకి దిగుతాది. పంతులు గారు సెప్పినారు."

"నా ఎత్తు దాటకపోతే నీడేటి ఇస్తాది?"

"నీడకి గొడుగు కొంతానులే."

అలా మాట్లాడేవాడు ఆ రోజుల్లో.

అసలు పని చలికాలంలో ఉండేది. ఈ చెట్లు చలి దేశం చెట్లు. చలికి ఆకు రాల్చి నిద్రపోతాయి, లేచాక పూస్తాయి. నిద్ర లేకపోతే పువ్వు లేదు. మా దగ్గర అంత చలి ఎక్కడిది? అందుకని పంతులు గారు ఒక ఉపాయం చెప్పారు. కార్తీకంలో చెట్టు ఆకంతా చేత్తో దూసెయ్యాలి, కొమ్మలు కత్తిరించాలి, నీళ్ళు పూర్తిగా ఆపెయ్యాలి. నలభై, నలభై ఐదు రోజులు చుక్క పడకూడదు. దాహంతో చెట్టు నిద్రపోతుంది. కార్తీకంలో మా వైపు తుపాను వానలు పడతాయి కదా, ఆ వాన లోపలికి రాకుండా ఉండడానికే అద్దాల కప్పు. పక్క గోడలకి అద్దాల బదులు వెదురు తడికలు. పొద్దు వాలాక తడికలు ఎత్తి చలిగాలి రానివ్వడం, తెల్లారాక ఎండ తగలకుండా దించెయ్యడం మా ఆయన పని.

మొదటిసారి, అరవై ఏడు కార్తీకంలో అలాగే చేశారు. మాఘంలో నాలుగు చెట్లు పూశాయి. గులాబి రంగు పువ్వులు, ఆకు లేని కొమ్మ మీద. తక్కినవి పూయలేదు. కాయలు మూడు కట్టాయి, రెండు రాలిపోయాయి. వైశాఖంలో ఒకటి పండింది. పంతులు గారు దాన్ని నాలుగు ముక్కలు కోసి, తనకీ, భార్య జ్ఞానాంబ గారికీ, మా ఆయనకీ, నాకూ అన్నారు. మా ఆయన నా ముక్క బాదం ఆకులో చుట్టి తెచ్చాడు. తనది కూడా తినలేదు, అదే ఆకులో ఉంది.

"ఎలగున్నాది?"

"తియ్యగున్నాది. కాసింత వగరు. పుల్లపుల్లగా కూడా ఉన్నాది."

"ఏదో ఒకటి సెప్పవే!"

"మూడూ ఉన్నాయి మరి."

ఆ రాత్రి ఆయనకి నిద్ర లేదని చెప్పనక్కర్లేదు. "వచ్చే ఏడు అన్నీ పూస్తాయి" అన్నారట పంతులు గారు. అన్నీ పూస్తే చూడడానికి ఉద్యాన శాఖ పెద్దలు వస్తారు. వాళ్ళు చూసి సరే అంటే, ఈ చుట్టుపక్కల పదిమంది రైతులతో ఇలాంటి తోటలు వేయిస్తారు, పని నేర్పేది ఎర్రన్న. ఇక అన్న నాగలి వైపు చూడక్కర్లేదు. మా ఆయనకి ఇంత కంటే కావలసింది ఏమీ లేదు.

అరవై ఎనిమిది కార్తీకం వచ్చేసరికి నాకు ఐదో నెల.

అంతకు ముందు రెండు కాన్పులు పోయాయి. ఒకటి నాలుగో నెలలోనే పోయింది. రెండోది పుట్టింది గానీ ఏడవలేదు. మూడోది నిలవాలని మా అత్త గురమ్మ మొక్కని దేవుడు లేడు. ఆమె మా నాన్నకి తోడబుట్టినది, నన్ను కూతురిలాగే చూసేది, తిట్టడం కూడా కూతురినే తిట్టేది.

చూలాలి మొగుడు చెట్టు కొట్టకూడదని మా వైపు గట్టి పట్టింపు. కొడితే కడుపులో పిండానికి కీడు. ఇల్లు మొదలుపెట్టకూడదు, శవం మొయ్యకూడదు, పచ్చని చెట్టు మీద కత్తి పెట్టకూడదు. మా ఆయన సరిగ్గా అప్పుడే, కార్తీకం ఆఖర్న, ఆకు దూయడానికి తయారయ్యాడు.

"ఒరే, బుద్ధుందేటిరా నీకు?" అని అత్త వీధిలోకి వచ్చి అరిచింది. "ఇంట్లో కడుపుతో ఉన్నాది. నలబై ఎనిమిది సెట్ల ఉసురు పోసుకుంటావేటిరా?"

"కత్తిరింపు పంతులు గారు సేస్తారు. నాను కొట్టనే అమ్మా. ఆకు దూస్తాను. దూయడం, కొట్టడం ఒకటేటి?"

"ఈకలు పీకీసిన కోడి బతుకుతాదేటిరా?"

"అయ్యి సచ్చిపోవే, నిద్దరోతాయి."

"నిద్దరోయిన మడిసికి నీల్లు ఆపీస్తారేటి? నోరెండి సస్తాయి. అయ్యి సస్తే..." అని నా వైపు చూసి ఆగిపోయింది.

మా ఆయన కూడా నా వైపు చూశాడు. ఏమన్నా అంటానేమోనని చూశాడనుకుంటాను. నేను చీపురు అందుకుని వాకిలి ఊడవసాగాను. వెళ్ళిపోయాడు. మూడు రోజుల్లో ఆకంతా దూసేశాడు.

నేను రోజూ మధ్యాహ్నం అన్నం తీసుకెళ్ళేదాన్ని. తోటలో బావి పక్కన కూర్చుని తినేవాడు, తిన్నాక ఒక కునుకు తీసేవాడు. పంతులు గారు ఆ వేళకి ఇంటికి వెళ్ళిపోయేవారు. నాలుగో రోజు నేను లోపలికి వెళ్ళి చూశాను. నలభై ఎనిమిది మోడు పుల్లలు. నేల పొడిగా, కాలికి వెచ్చగా ఉంది. ఒక చెట్టు కొమ్మ పట్టుకుని చూస్తే చివర చిన్న చిన్న కణుపులున్నాయి. అవి మొగ్గలని నాకు తెలియదు. ఎండిపోయిన పిందెలనుకున్నాను. ఏడవని బిడ్డ ముఖం గుర్తొచ్చింది.

ఇంటికొచ్చి అత్తకి చెప్పాను. అత్త నెమ్మదిగా అంది, "నువ్వు పొయ్యే. సూలాలి సేతి నీల్లు తాగితే సెట్టు దీవిస్తాది. ఎవరికీ సెప్పకు. సెప్పుకుంటే పలం పోతాది."

మర్నాటి నుంచి ఆయన కునుకు తీసేవేళ నేను బావిలో నీళ్ళు తోడి, చెట్టుకి చెంబెడు చొప్పున పోసేదాన్ని. అన్నిటికీ ఒకేనాడు కాదు. రోజుకి రెండు వరసలు. బిందె మోసే ఓపిక లేక చేదతోనే తీసుకెళ్ళేదాన్ని. పైన పొడిమట్టి లాగి కప్పేసేదాన్ని. నాకు తెలిసిన వ్యవసాయం అంతే, దాహమైన దానికి నీళ్ళు పోయడం. ఇరవై రెండు రోజులు పోశాను, ఆ తర్వాత చేద లాగే ఓపిక లేకపోయింది. కడుపులో బిడ్డ కదలడం ఆ రోజుల్లోనే మొదలైంది. కదిలిన ప్రతిసారీ చెట్లు దీవించాయనుకునేదాన్ని.

పుష్యం వచ్చింది. చెట్లకి నీళ్ళు విడిచే గడువు ఇంకా కాలేదు. పంతులు గారు ఉద్యాన శాఖ వాళ్ళకి ఉత్తరం రాసేశారు, మాఘం మొదటి వారంలో రమ్మని. మా ఆయన రోజూ మొగ్గలు చూసి వచ్చి చెప్పేవాడు. "ఉబ్బుతన్నాయే. ఇవాల కాసింత పెద్దవైనాయి." తర్వాత ఒకరోజు చెప్పడం మానేశాడు.

ఆ రోజు నేను అన్నం తీసుకెళ్ళేసరికి పంతులు గారు ఇంటికి వెళ్ళలేదు. ఇద్దరూ లోపల ఉన్నారు. చెట్లన్నీ చిగురించి ఉన్నాయి. ఆకులు. పువ్వు ఎక్కడా లేదు. మూడో వరసలో ఒక చెట్టుకి రెండు పువ్వులు విచ్చీ విచ్చకుండా మాడిపోయి ఉన్నాయి.

పంతులు గారు మోకాళ్ళ మీద కూర్చుని మట్టిలోకి మణికట్టు దాకా చెయ్యి పెట్టారు. ఆయన ఎప్పుడూ తెల్ల పంచె కట్టేవారు. మట్టి అంటుకున్నా చూసుకోలేదు.

"ఎర్రన్నా, ఇది తడే కదూ?"

మా ఆయన కూడా వంగి మట్టి పట్టుకుని చూశాడు.

"కప్పు కారిందేమోనని అద్దాలన్నీ చూశాను. ఎక్కడా కారలేదు. తడి వేళ్ళ దగ్గరే ఉంది, దారుల్లో లేదు. ఎవరో చెట్టు చెట్టుకీ పోశారు. ఎవరోయ్?"

నేను గుమ్మం దగ్గర క్యారియర్ పట్టుకుని నిలబడ్డాను. నాకు ఏడో నెల. నోరు తెరిచాను. తెరిచానని ఒట్టేసి చెప్పగలను. అంతలో ఫలం పోతుందన్న అత్త మాట గుర్తొచ్చింది. అది ఒక కారణం. రెండోది, పంతులు గారి ముందు నిలబడి నేనే అనడానికి భయం. రెండింట్లో భయమే ఎక్కువ.

"నానే పోసినాను బావూ" అన్నాడు మా ఆయన.

"నువ్వా?"

"ఎండిపోతాయేమోనని బయమేసింది."

"రెండేళ్ళు చెప్పాను కదోయ్ నీకు. నిరుడు నీ చేత్తోనే చేశావు కదా. ఇవాళ నీకు భయమేసిందా?"

"తప్పయిపోనాది."

పంతులు గారు కేకలేసే మనిషి కాదు. కేకలేసినా బాగుండేది. లేచి, చేతులు దులుపుకుని, చాలాసేపు ఆ చిగుళ్ళ వైపే చూశారు. "తెలియక చేశావంటే మళ్ళీ నేర్పేవాణ్ణి" అన్నారు. "తెలిసి చేసి, చేసినవాడివి నాకు చెప్పకుండా, రోజూ మొగ్గలు ఉబ్బుతున్నాయని నా ఎదురుగా చెప్పావు. ఆఫీసర్లకి ఏం రాయను నేను? తాళంచెవి అక్కడ పెట్టి వెళ్ళు."

మా ఆయన మొలతాడుకి కట్టుకున్న తాళంచెవి విప్పాడు. ముడి రాక పళ్ళతో లాగాడు. నేను చూస్తూ నిలబడ్డాను.

ఆ క్షణం దాటాక కూడా నాకు సమయం ఉంది. ఆ సాయంత్రం వెళ్ళి జ్ఞానాంబ గారితో చెప్పొచ్చు. కడుపుతో ఉన్న మూర్ఖురాలు చేసిన పని అంటే వాళ్ళు మన్నించేవారు. చెట్లు బతికే ఉన్నాయి, మా ఆయన చేతి పనిలో తప్పు లేదు, ఇంకో ఏడు ఆగేవారు. నేను వెళ్ళలేదు. ఇవాళ వెళ్దాం, రేపు వెళ్దాం అనుకుంటూ ఉండగా పంతులు గారు ఉద్యాన శాఖకి రాసేశారు, నేర్చినవాడే ఓర్చలేకపోయాడు, ఇక రైతులెవరు ఓరుస్తారు, ఈ పంట ఈ నేలకి రాదని. ఎండాకాలంలో చెట్లు పీకించేశారు. తర్వాత తోట వదిలేసి, విజయనగరంలో అల్లుడి దగ్గరికి వెళ్ళిపోయారు. అద్దాల ఇంట్లో గడ్డి పోశారు.

మా ఆయన అన్న దగ్గరికి వెళ్ళాడు. బావ పెద్దగా ఏమీ అనలేదు, నాగలి చూపించాడు. వీధిలో వాళ్ళు అన్నారు. "ఏటిరా ఎర్రన్నా, పీచు మిగిలిందా, టెంక మిగిలిందా?" మొదట్లో నవ్వేవాడు. తర్వాత ఆ దారిన వెళ్ళడం మానేశాడు.

ఫాల్గుణంలో ఆడపిల్ల పుట్టింది. పుడుతూనే గట్టిగా ఏడ్చింది. చిన్నతల్లి అని పేరు పెట్టుకున్నాం. "సూసినావేటే, నీల్ల పలం" అంది అత్త నా చెవిలో. నేను తలూపాను. పిల్లని భుజాల మీద ఎక్కించుకుని మా ఆయన గట్ల మీద తిరిగేవాడు. ఇంటి వెనక మాత్రం తన చేత్తో ఒక్క మొక్క నాటలేదు. ములగ కొమ్మ కూడా నేనే పాతాను.

ఆయన అడుగుతాడని ఎదురు చూశాను. ఆ రోజు తోట నుంచి ఇంటిదాకా నడుస్తూ ఎదురు చూశాను. తర్వాత ఏళ్ళ తరబడి ఎదురు చూశాను. నేనే పోశానని ఆయనకి తెలుసని నాకు తెలుసు. తోటలోకి వచ్చేదాన్ని నేనొక్కదాన్నే కదా. అడగలేదు. పంతులు గారికి ఉత్తరం రాయించాలని రెండుసార్లు అనుకున్నాను. నాకు రాయడం రాదు. ఎవరిచేతనైనా రాయించాలంటే ముందు వాళ్ళకి చెప్పాలి, చెబితే తెల్లారేసరికి ఊరంతా తెలుస్తుంది. డెబ్బై నాలుగులో పంతులు గారు పోయారని కబురొచ్చింది. మా ఆయన ఆ పూట అన్నం తినలేదు.

ఎనభై ఎనిమిదిలో ఆయనకి ఊపిరితిత్తుల జబ్బు చేసింది. చిన్నతల్లిని అప్పటికే పాతపట్నం ఇచ్చాం. ఒక మధ్యాహ్నం ఆయన అరుగు మీద పడుకుని ఉన్నాడు, నేను పక్కన కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. తల ఎత్తకుండా అన్నాను.

"మావా, ఆ సెట్లకి నీల్లు పోసింది నానే."

"తెలుసులే."

"తెలుసని నాకూ తెలుసు. నోటితో సెప్పాలని సెప్తన్నాను."

కొంచెంసేపు దగ్గాడు. "రెండో నాడే సూసినాను" అన్నాడు.

"ఏటి సూసినావు?"

"నాను పడుకున్నానని నువ్వు సేద పట్టుకుని ఎల్లినావు. కన్ను తెరిసే ఉన్నాను. లోపలికొచ్చి మట్టి తీసి సూసినాను, తడున్నాది."

చాట నా చేతిలో ఆగిపోయింది. "మరి ఆపలేదేటి?"

"రెండు పోనాయి కదే" అన్నాడు. "ఆకు దూసింది నాను. అమ్మ అలగ అన్నాక నాకూ బయమేసింది. పంతులు గారికి సెప్తే నవ్వుతారు. నువ్వు పోస్తన్నావు కదా, సరేలే, అని ఊరుకున్నాను. అంచేత నానే పోసినాను అంటే అబద్దం కాదు."

"రోజూ మొగ్గలు ఉబ్బుతన్నాయనీవోడివి."

"పూస్తాయేమోనని. పిల్లా నిలవాల, సెట్లూ పుయ్యాల. రెండూ గావాల నాకు."

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. "ఇరవై ఏల్లు! ఒక్క మాట అనీడానికేటి నీకు?"

"నువ్వు సెప్తావని సూసినాను."

"నాను నువ్వు అడుగుతావని సూసినాను."

"బాగానే ఉన్నాది" అని నవ్వబోయాడు, దగ్గు వచ్చింది. నీళ్ళు తెచ్చి పట్టాను. తాగి, పడుకుని అన్నాడు. "పంతులు గారికి సెప్పాల్సిందే. ఆ మడిసి, పంట రాదనుకుని పోనాడు. మొదటేడు వచ్చింది కదా. వస్తాది. వచ్చీదే."

ఆ తర్వాత మేమిద్దరం ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఆషాఢంలో పోయాడు.

అత్త చెప్పిన ఫలం సంగతి నేనిప్పుడు నమ్మను. చిన్నతల్లి చెట్ల వల్ల బతకలేదు, బతకాలని ఉంది కాబట్టి బతికింది. జరిగినదానికి తను కారణం కాదని, ఇది చదివినప్పుడు అది తెలుసుకోవాలి. నీళ్ళు పోసినందుకు కూడా నేను అంతగా బాధపడను, నాకు తెలిసింది చేశాను. గుమ్మంలో నిలబడి ఊరుకున్నదానికి బాధపడతాను. ఒక్క మాట అని ఉంటే ఆ మాఘం కాకపోతే మరో మాఘంలో పూసేవి. మొదటేడు పూసిన నాలుగు చెట్లని చూశాం. నలభై ఎనిమిదీ ఒకేసారి పూస్తే ఆ అద్దాల ఇల్లు ఎలా ఉండేదో ఆయనా చూడలేదు, నేనూ చూడలేదు, పంతులు గారూ చూడలేదు.

తవిటమ్మ
వయసు యాభై ఎనిమిది
ప్రస్తుతం ఉండేది చెల్లెలి ఇంట్లో, కోటబొమ్మాళి